డాక్టరు చదువునకు ముందు మరియొక యేడు



జ్యేష్ఠమాసమున నొక పెండ్లికై మేము జహీరాబాదునకు పోయియుంటిమి. హైదరాబాదునుండి బొంబాయికి పోవు రహదారిమీద సుమారు 100 కిలోమీటర్ల దూరమున, కన్నడసీమ యంచున నున్న యూరది. ఎఱ్ఱనేల. చెఱకును అల్లమును అచటి రైతు సంసారములకు ఆధారములు. పెండ్లివారింటికి రెండిండ్ల కవతల మా పాఠకురాలొకరు కాపురముండిరి. మేము వచ్చిన మాట విని యామె స్వయముగా వచ్చి, "అక్కా, మా పెద్దపిల్ల సంగతి యొకటి తేల్చి మరీ పోవలెను" అని చేయి పట్టుకొని తమ యింటికి తీసికొని పోయెను.

సంగతి యిది. పెద్దపిల్ల బై.పీ.సీ.లో మంచి మార్కులతో ఇంటర్మీడియట్ ముగించినది. నీట్ పరీక్షలో 720కి 403 మార్కులు వచ్చినవి. ప్రభుత్వపు సీటు వచ్చు సూచన లేదు. ఫలితములు వచ్చిన మరునాడే యొక శిక్షణాలయపు పీఆర్వో యింటికి వచ్చి, ర్యాంకులు తెచ్చుకొన్న పిల్లల బొమ్మలున్న రంగుల కాగితమొకటి చేతిలోబెట్టి, "లాంగ్ టర్మ్‌లో చేర్పించుడు, సీటు మాది" అని చెప్పి పోయెనట. లాంగ్ టర్మ్ అనగా తెలియనివారుందురా? ఇంటర్ ముగిసిన పిల్లను ఇంకొక యేడాది వసతి గృహమున నుంచి, చదివిన పుస్తకములనే మరల చదివించి, నీట్‌ను మరల వ్రాయించుట. వసతితో కూడ లక్షరూపాయలకు పైమాటయే. ఆ యింట నున్న సొమ్ము అల్లపు విత్తనమునకై దాచినది. అల్లము వేయువారి యిండ్ల స్త్రీలకు మేము చెప్పనక్కరలేదు. ఆ పంట పెట్టుబడిలో విత్తనపు ఖర్చే పెద్దది. ఈ యేడు నేలను అల్లము లేక యుంచవలెనా, పిల్లను లాంగ్ టర్మ్ లేక యుంచవలెనా అని తండ్రి మూడు దినములనుండి తేల్చుకొనలేక యున్నాడు.

నానమ్మ మాత్రము తేల్చివేసినది. "మగపిల్లవాడైన సరే గాని, ఆడపిల్లకు చదువునకు ముందు మరల చదువేమిటి? అయిదున్నర యేండ్ల డాక్టరు చదువునకు ఇదొక యేడు కలిపినచో పెండ్లి యెప్పుడు?" అని ఆమె మమ్మే యడిగినది. పిల్ల గోడ కానుకొని నిలుచుండి, తన సంగతి కానట్లు గోళ్లు చూచుకొనుచుండెను.

మొట్టమొదట ఆ యింటివారి మనస్సులోని చిక్కు నొకదానిని విప్పవలసి వచ్చినది. ఫలితపు కాగితమున పిల్ల "అర్హురాలు" అని యున్నది గదా, సీటేల రాదని తల్లి యడిగెను. అర్హత వేరు, సీటు వేరు. 2025లో దేశమంతటను 22 లక్షలకు పైబడినవారు నీట్ వ్రాసిరి; అందు 12 లక్షలకు పైబడి అర్హులైరి; ఎం.బి.బి.ఎస్. సీట్లో, ప్రైవేటు కళాశాలలు కలుపుకొన్నను లక్షకు కొంచెము పైమాట. అర్హులైన పదిమందికి ఒక సీటు చొప్పున నన్నమాట. ఈ మాట పీఆర్వోలు చెప్పరు.

పిమ్మట మేము పిల్లను దగ్గరకు పిలిచి, ఆమె పరీక్షలో గుర్తులు పెట్టిన పత్రపు నకలును, సరియైన సమాధానముల పట్టికను తీసికొని రమ్మంటిమి. పరీక్ష జరుపు సంస్థ ఈ రెండింటిని ప్రతి విద్యార్థికిని చూచుకొన నిచ్చును. విచిత్రమేమనగా, ఆ యింట మార్కుల మొత్తమును గూర్చి పదిదినములుగా దుఃఖించుచున్నారే కాని, ఆ మొత్తము ఎక్కడ వచ్చినదో ఎక్కడ పోయినదో ఒక్కరును చూచియుండలేదు. పిల్లయు చూడలేదు. భయమువలన చూడలేదని తరువాత చెప్పినది.

వంటయింటి గడపప్రక్కన చాప వేసికొని లెక్క కట్టితిమి. ప్రశ్నలు 180, ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 కోత. జీవశాస్త్రమున 90 ప్రశ్నలలో 88 వ్రాసి 74 ఒప్పు చేసినది; 282 మార్కులు. రసాయనశాస్త్రమున 45లో 43 వ్రాసినది, 25 ఒప్పు, 18 తప్పు, 82 మార్కులు. భౌతికశాస్త్రమున 41 వ్రాసి 16 మాత్రమే ఒప్పు చేసినది. 64లో తప్పులకు 25 పోగా మిగిలినవి 39. ఆ యిరువదియైదు తప్పులలో ఎన్ని తెలిసి వ్రాసితివని యడుగగా, కొంతసేపు వేలు పెట్టి చూచి, పదునైదింటికి కన్నులు మూసికొని గుర్తు పెట్టితినని యొప్పుకొన్నది. ఆ పదునైదు ఖాళీగా విడిచినను 15 మార్కులు మిగిలియుండెడివి.

చూచితిరా! "మా పిల్లకు మార్కులు తక్కువ వచ్చినవి" అనునది వేరు. "మా పిల్లకు జీవశాస్త్రము వచ్చును, భౌతికశాస్త్రము రాదు" అనునది వేరు. మొదటి మాటతో లాంగ్ టర్మ్‌లో చేర్చినచో, ఆమెకు వచ్చిన జీవశాస్త్రమునే దినమునకు నాలుగు గంటలు మరల చదివి, రాని దానిని మరల దాటిపోవును. పిల్లల స్వభావమే యంత. మన స్వభావమును అంతే. వచ్చిన పిండివంటనే పండుగ పండుగకును చేయుదుము.

భౌతికశాస్త్రము ఏల రాలేదు? మందమతి గనుక కాదు. బై.పీ.సీ. పిల్లలకు ఇంటర్‌లో గణితము లేదు. భౌతికశాస్త్రపు లెక్కలకో, త్రికోణమితి కావలెను, సదిశలు కావలెను, కలనగణితపు ఓనమాలైన కావలెను. పదవ తరగతి గణితముతో ఆగిపోయిన పిల్ల ఆ లెక్కలను చూచి సూత్రములను కంఠస్థము చేయును. కంఠస్థము చేసిన సూత్రము ఇంటర్ పరీక్షకు చాలును, నీట్‌కు చాలదు. పైగా ఈ పిల్ల పదవ తరగతివరకు తెలుగున చదివి, ఇంటర్‌లో నొక్కసారిగా ఇంగ్లీషున పడినది. నీట్ ప్రశ్నపత్రము తెలుగు, ఉర్దూలతో కూడ 13 భాషలలో దొరకుననియు, తెలుగు కోరుకొన్నవారికి ఇంగ్లీషు పాఠము కూడ ప్రక్కనే యుండుననియు ఆమెకు తెలియనే తెలియదు. అయితే రెండు పాఠములకు భేదము వచ్చినచో ఇంగ్లీషుదే ప్రమాణమని జ్ఞప్తియందుంచుకొనవలెను.

కావున మా తీర్పు నిచ్చటనే చెప్పివేయుదుము. కొఱత ఎక్కడనున్నదో తెలిసి, అది ఒక యేటిలో పూడునదై, పిల్ల తానుగా కోరినచో ఆ యేడు దండుగ కాదు. కొఱత అన్నిటను సమానముగా నున్నచో, లేక పిల్ల తండ్రి మాటకై తల యూపినచో, ఆ సొమ్ము అల్లమునకే మేలు. ఈ పిల్ల భౌతికశాస్త్రమున సగము మార్కులకు, రసాయనమున 110కి చేరినచో మొత్తము 482 అగును. 482కు సీటు వచ్చునా యని తండ్రి యడిగెను. ఏ యేటి పత్రము ఆ యేటిది. 2024లో 720కి 720 తెచ్చుకొన్నవారు సవరించిన ఫలితములలో 17 మంది. మరుసటి యేట ప్రథమురాలో ప్రథముడో 686 దగ్గర ఆగిరి. మార్కులను మార్కులతో పోల్చరాదు, ర్యాంకును ర్యాంకుతో పోల్చవలెను. అదియు మీ వర్గపు జాబితాలో గడచిన యేడు చివరి సీటు ఏ ర్యాంకునకు వచ్చెనో చూచి పోల్చవలెను. ఇంతకు మించి ఎవరు చెప్పినను అది సోదె.

డాక్టరు చదువునకు ముందు మరియొక చదువుండుట క్రొత్తదేమియు కాదు. మన పెద్దల తరమున పీ.యూ.సీ. యొక యేడు, ఆపైని ప్రీ ప్రొఫెషనల్ అని మరియొక యేడు చదివి వైద్యకళాశాలకు పోయెడివారు. అమెరికాలో నేటికిని డిగ్రీ ముగించినవారే సామాన్యముగా వైద్యవిద్యకు పోవుదురు. దాని వెనుక నొక స్త్రీ కథ యున్నది. 1893లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాల తెరచుటకు సొమ్ము చాలకపోగా, మేరీ గ్యారెట్ అను నామె మూడు లక్షల డాలర్లకు పైబడి యిచ్చి షరతులు పెట్టెను. పురుషులతో సమానముగా స్త్రీలను చేర్చుకొనవలెను; చేరు ప్రతివారును అంతకు ముందు డిగ్రీ చదివి, విజ్ఞానశాస్త్రములు నేర్చియుండవలెను. ద్వారము తెరిపించినదియు ఆమెయే, గడప ఎత్తించినదియు ఆమెయే. కాని యచటి నాలుగేండ్లకును మన లాంగ్ టర్మ్‌కును పోలిక లేదు. అచట క్రొత్తది నేర్తురు. ఇచట చదివినదే యొక పరీక్షకై మరల చదువుదురు. ఈ యేటివలన పిల్ల మంచి డాక్టరగునని యెవ్వరైన చెప్పినచో నమ్మకుడు. సీటు రావచ్చును, అంతమాత్రమే.

అయినను ఒక మాట. పిల్ల ఆ చాపమీద కూర్చుండి, "డాక్టరుకు భౌతికశాస్త్రమెందుకండీ, రోగి నాడి చూచునప్పుడు లెక్కలు చేయుదురా?" అని విసుగుకొన్నది. అందుకు మేము హైదరాబాదు కథయే చెప్పితిమి. రూపాబాయి ఫర్దూన్‌జీ యను పార్సీ వనిత 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరిన అయిదుగురు స్త్రీలలో నొకతె. ఆ పాఠశాలయే నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలము. 1889లో ఆమె హకీము పట్టము పొందెను. ఆ కాలముననే హైదరాబాదున ఎడ్వర్డ్ లారీ యను వైద్యుని పూనికతో క్లోరోఫారము నిచ్చుటలోని అపాయములను పరీక్షించు సంఘములు కూడినవి. రూపాబాయి ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారము నిచ్చు పనియందు ఆరితేరెను. మత్తుమందు వైద్యమున ప్రపంచమున మొదటి స్త్రీలలో నామె నెన్నుదురు. అట్టి యామె, పట్టము పొందిన యిరువదియేండ్లకు, 1909లో ఎడింబరో పోయి చదివినదేమి? భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము. ఆవిరి యెట్లు లేచును, వాయువు ఊపిరితిత్తులలో నెట్లు కలియును, ఎంత యిచ్చిన నిద్ర, ఎంత యిచ్చిన మృత్యువు, ఇవి తెలియుటకు ఆ రెండు శాస్త్రములే కావలెను. ఈ కథ విని పిల్ల నవ్వెను. అది మేము ఆ యింట చూచిన మొదటి నవ్వు.

తండ్రి వెంటనే యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలంచుకొనెను. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి నెగ్గిన యాయన వైద్యము చదివి అమెరికా పోయి లోకమునకు మందులు కనిపెట్టెను గదా, మన పిల్లకు మాత్రము మూడేండ్లు పట్టినచో నేమి యని. నీట్ వ్రాయుటకు ఇన్నిసార్లే యని హద్దు లేదు, గరిష్ఠ వయోపరిమితియు లేదు. హద్దు లేనిచోట మనమే హద్దు పెట్టుకొనవలెను. మూడవసారి నెగ్గినవారి చరిత్రలు పుస్తకములగును. మూడవసారియు తప్పినవారి చరిత్ర లెవ్వరును వ్రాయరు. మేమెరిగిన యొక కుటుంబమున పిల్ల నాలుగేండ్లు లాంగ్ టర్మ్ చదివి, ప్రతియేడును రవంత దూరమున ఆగి, తుదకు డిగ్రీలో చేరినది. తోడి పిల్లలు అప్పటికి ఉద్యోగములలో నుండిరి. ఒక యేడు, అంతే. దసరానాటికి భౌతికశాస్త్రపు మార్కులు కదలనిచో అప్పుడే మాటాడుకొనవలెను, మరుసటి మే నెలవరకు ఆగరాదు. ఈ నడుమ ఎప్‌సెట్ కూడ వ్రాసియుంచుకొన్నచో వ్యవసాయ విద్యకో, ఫార్మసీకో దారి తెరచియుండును. ఆయుర్వేద, హోమియో విద్యలకు నీట్ ర్యాంకే పనికివచ్చును. డిగ్రీలో పేరు వ్రాయించి నీట్‌కు చదువుదునను పిల్లలు కలరు. రెంటికి చెడ్డవారినే మేము ఎక్కువగా చూచితిమి.

సొమ్ము మాట. 2023-24లో మన తెలంగాణమున ప్రభుత్వ వైద్యకళాశాలలో ఏడాది రుసుము 10,000 రూపాయలు. ప్రైవేటు కళాశాలలో కన్వీనరు సీటునకు 60,000. బీ కేటగిరీ సీటునకు 11 లక్షలకు పైబడి. కావున ఒక యేటి శ్రమతో పిల్ల కన్వీనరు సీటునకు చేరగలిగినచో ఆ లక్షన్నరయో రెండు లక్షలో వృథా కాదు. పైగా 2022లో సంగారెడ్డిలో 150 సీట్లతో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. జహీరాబాదునుండి సుమారు 50 కిలోమీటర్లు.

నానమ్మ మరల "ఆడపిల్ల" యని యెత్తుకొనగా, తల్లి యంతవరకు మాటాడనిది మాటాడెను. "అత్తా, మా బావగారి కొడుకు ఇంజినీరింగు సీటునకై రెండేండ్లు కూర్చున్నప్పుడు ఈ యింట నెవరైన లెక్క అడిగిరా? ఆ సొమ్మును ఈ చేనిదే గదా" అన్నది. ఆమె గొంతు వణకినది. నానమ్మ జవాబు చెప్పలేదు. లేచి పోయి టీ పెట్టినది. ఆ యింట అది చిన్న సంగతి కాదని మాకు తరువాత తెలిసినది.

ఇంతలో రెండవ పిల్ల సంగతి బయటపడినది. అది తొమ్మిదవ తరగతి ముగించినది. జహీరాబాదునకు బీదరు దగ్గర, 30 కిలోమీటర్ల ప్రాంతము. అచట నీట్ శిక్షణ నిచ్చు పేరుగల సంస్థలున్నవి. పదవ తరగతి కాగానే బీదరులోనే పీ.యూ.సీ.లో చేర్చి రెండును ఒకేసారి కానిచ్చెదమని తండ్రి సంకల్పము. ఆలోచన మంచిదే కాని, అందులో నొక గుంట యున్నది. సరిహద్దు తాలూకాల తల్లులు దీనిని శ్రద్ధగా చదువవలెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము జారీచేసిన నియమము ప్రకారము, ఇచటి వైద్యకళాశాలలలో స్థానికులుగా లెక్కింపబడుటకు ఇంటర్‌తో ముగియు నాలుగేండ్ల చదువు, అనగా తొమ్మిదినుండి ఇంటర్ రెండవ యేటివరకు, ఎడతెగక తెలంగాణముననే చదివి, ఇంటర్ పరీక్షలో ఇచటనే నెగ్గవలెను. దీనిపై వ్యాజ్యములు నడచినవి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నియమము నిలుచునని తీర్పు చెప్పినది. ప్రభుత్వోద్యోగులై బయట పనిచేయువారి పిల్లలు మొదలగు కొందరికి మినహాయింపులు కలవు కాని, రైతు పిల్లకు అవి వర్తింపవు. పుట్టుట జహీరాబాదైనను, ఇల్లు జహీరాబాదైనను, రెండేండ్లు బీదరులో పీ.యూ.సీ. చదివినచో సంగారెడ్డి సీటునకు ఆ పిల్ల పరాయిదగును. అఖిల భారత కోటా మాత్రము మిగులును. అదే ఇంటర్ ఇచట ముగించి, లాంగ్ టర్మ్‌కు మాత్రమే బీదరు పోయినచో చిక్కులేదు. లాంగ్ టర్మ్ ఇంటర్ తరువాతి సంగతి. చేరుటకు ముందు ఆ యేటి నియమములను కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయపు ప్రకటనలో చూచుకొనవలెను. తండ్రి యీ మాట విని చాలసేపు మౌనముగా నుండెను. ఇంకొక పదినెలలలో ఆయన పిల్లను కన్నడ సీమకు పంపియుండెడివాడు.

ఆరవ తరగతినుండియే నీట్ పునాది యని పిల్లలను కట్టివేయు పాఠశాలలను గూర్చి యడిగిన తల్లులకు ఒక్కటే చెప్పుదుము. ఆ వయస్సున గణితము బాగుగా నేర్పించుడు, పునాది యదియే.

వసతి గృహమునకు పంపు తల్లులకు రెండు మాటలు. చూడబోయినప్పుడు ర్యాంకుల బొమ్మలను కాక, స్నానపు గదులను, త్రాగు నీటిని, రాత్రి భోజనము ఎన్ని గంటలకో చూడుడు. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు ఏడాది పొడుగున నొకడే యుండునా, మాసమునకొకడు మారునా యని అచట చదువుచున్న పిల్లలనే అడుగుడు. ఫోనులో "ఈ వారము ఎన్ని మార్కులు?" అని మొదట అడుగకుడు, "తింటివా, నిద్రపట్టుచున్నదా, ముట్టు సరిగా వచ్చినదా" యని అడిగి, మార్కులు తాను చెప్పినప్పుడు వినుడు. పిల్ల మాటలు తగ్గినను, "నేను పనికిరాను" అన్నను ఆ యాదివారమునకై ఆగక వెంటనే పోయి చూడుడు. అవసరమైనచో ఇంటికి తీసికొని రండు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ సలహాదారులు ఉచితముగా మాటాడుదురు. ఆ సంఖ్యను పిల్లకును ఇచ్చియుంచుడు.

సాయంకాలమున మేము సెలవు తీసికొనుచుండగా పిల్లను ఒంటరిగా పిలిచి, "నీకేమి కావలెను?" అని యడిగితిమి. ఆమె తడుముకొనక, "ఒక్క యేడు. బీదరు వద్దు, హైదరాబాదు వద్దు, మొదట నాకు లెక్కలు చెప్పువారు కావలెను" అన్నది. ఆ యూరిలోనే డిగ్రీ విద్యార్థులకు గణితము చెప్పు ఉపాధ్యాయురాలొకరున్నారట. రెండు నెలలు ఆమె వద్ద త్రికోణమితియు సదిశలును నేర్చి, పిమ్మట లాంగ్ టర్మ్‌లో చేరవచ్చునా యని పిల్ల మమ్ము ప్రశ్నించెను. మాకు తోచని యుపాయమది. ఆలస్యముగా చేరువారిని శిక్షణాలయము లెట్లు చూచునో తండ్రి కనుగొనుటకు ఒప్పుకొనెను. అల్లము సగము మడిలోనే వేయుదుమని ఆయన గుమ్మము దగ్గర మాతో అన్నాడు.

శ్రావణమున తల్లి వద్దనుండి జాబు వచ్చినది. సైన్లు, కొసైన్లు ఇంటినిండ వినబడుచున్నవట. నానమ్మ వేకువజామున పిల్లను లేపుట తన పనిగా పెట్టుకొన్నదట. పెండ్లి మాట మాత్రము మానలేదట.